లష్కరా, లస్కరా?

సుబేదారు: జెండా ఉంది, జాతీయగీతం ఉంది, ఐక్యరాజ్యసమితిలో కుర్చీ ఉంది. లేనిది సైన్యం ఒక్కటే. ఉగాదికి సర్కారు సెలవిచ్చే దేశం, 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలకు వేదికైన దేశం, మనవాళ్ళు చెరుకు నరికి నరికి నిలబెట్టిన దేశం. అలాంటి మారిషస్‌కి ఒక్క పటాలం కూడా లేదంటే నాకు మింగుడుపడదు మాస్టారూ. తలుపు లేని ఇల్లండీ అది.

మాస్టారు: తలుపుంది. మీకు అలవాటైన తలుపు కాదు, అంతే. స్పెషల్ మొబైల్ ఫోర్స్ అని 1960లో పెట్టుకున్నారు, వకోవాలో ఉంటుంది. 1987 నుంచి కోస్ట్ గార్డు ఉంది. హెలికాప్టర్ల దళం ఉంది. అన్నీ పోలీస్ కమిషనర్ కిందే. రైఫిల్ పట్టి కవాతు చేసేవాడు కూడా చట్టం లెక్కలో పోలీసే. 1968 మార్చి 12న స్వతంత్రం వచ్చింది. అప్పట్నుంచి ఇప్పటిదాకా ప్రభుత్వాలు ఓట్లతో పడ్డాయి, ఓట్లతో లేచాయి. రేడియో స్టేషన్ పట్టుకుని, దేశం ఇక నాదే అని చదివిన కల్నల్ ఒక్కడూ అక్కడ పుట్టలేదు.

సుబేదారు: పోలీసని పేరు పెడితే బుద్ధులు మారతాయా? గాంబియా కథ వినండి. అదీ చిన్నదే, ఒక నదికి అటో గట్టు ఇటో గట్టు, మధ్యలో దేశం. వాళ్ళూ సైన్యం ఖర్చు ఎందుకని ఫీల్డ్ ఫోర్స్ అనే సాయుధ పోలీసుతో సరిపెట్టుకున్నారు. 1981 జులైలో అధ్యక్షుడు జవారా లండన్‌లో చార్లెస్ పెళ్ళికి వెళ్ళాడు. ఆయన అక్షింతలు వేసి వచ్చేలోగా ఆ ఫీల్డ్ ఫోర్స్‌లోనే కొందరు తిరుగుబాటుదారులతో కలిసి రాజధాని పట్టుకున్నారు. పొరుగున ఉన్న సెనెగల్ సైన్యం వచ్చి అణచాల్సి వచ్చింది. వందల ప్రాణాలు పోయాయి. సైన్యం లేకపోతే కుట్ర ఉండదన్న మాట అక్కడే చచ్చిపోయింది.

మాస్టారు: కథ సగంలో ఆపేశారు. ఆ దెబ్బతో గాంబియా బుద్ధి తెచ్చుకుని సొంత సైన్యం పెట్టుకుంది. 1994 జులైలో ఆ సైన్యంలోంచే యాహ్యా జామే అనే లెఫ్టినెంట్ లేచాడు. ఇంకా ముప్పై నిండని కుర్రాడు. 22 ఏళ్ళు దిగలేదు. ఓడిపోయాక కూడా దిగనంటే 2017లో చుట్టుపక్కల దేశాల సైన్యాలు సరిహద్దు దాటి వస్తేగానీ విమానం ఎక్కలేదు. పోలీసు చేసిన కుట్ర వారం రోజుల్లో ముగిసింది. సైన్యం చేసిన కుట్ర ఒక తరాన్ని తినేసింది.

సుబేదారు: ఒప్పుకున్నాను. కానీ రెండుసార్లూ కాపాడింది ఎవరు? పొరుగువాడి సైన్యమే. మీరు సైన్యం వద్దంటున్నారుగానీ, నిజానికి వద్దంటున్నది సొంత సైన్యాన్నే. పక్కింటివాడి సైన్యం మాత్రం ఉండాలి. మారిషస్ సంగతీ అంతే. స్వతంత్రం ఇంకో రెండు నెలల్లో ఉందనగా, 1968 జనవరిలో పోర్ట్ లూయీలో క్రియోలులకీ ముస్లిములకీ గొడవలు రేగితే అణచడానికి సింగపూరు నుంచి బ్రిటిష్ పటాలాన్ని దింపారు. ఇవాళ? కోస్ట్ గార్డుకి పెద్దగా మన నేవీ అధికారిని పంపడం ఏళ్ళ ఆనవాయితీ. వాళ్ళ గస్తీ ఓడ బరాకుడా కట్టింది కలకత్తాలో గార్డెన్ రీచ్ వాళ్ళు. 2015లో దాన్ని పోర్ట్ లూయీలో జాతికి అప్పగించింది మన ప్రధాని. అదీ సరిగ్గా వాళ్ళ జాతీయ దినోత్సవం నాడు. మనకి గొప్పే. ఆ దేశపు కుర్రాడిగా పుట్టి చూస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి.

మాస్టారు: నేలను బట్టి కాదు, నీళ్ళను బట్టి ఆలోచిస్తే వాళ్ళ అవసరం తెలుస్తుంది. ఆ దేశం నేలంతా కలిపి 2,040 చదరపు కిలోమీటర్లు. మన పాత కృష్ణా జిల్లాలో నాలుగో వంతు కూడా రాదు. సముద్రం మాత్రం దాదాపు 23 లక్షల చదరపు కిలోమీటర్లు. గట్టు చూస్తే కొంపంత, చెరువు చూస్తే దేశమంత. ఇలాంటివాడికి కావలసింది ఎవరు? టాంకులు నడిపేవాడా, దొంగ వలలు పట్టేవాడా? మత్తుమందు పడవని ఆపేవాడా, ఇంకొక దేశాన్ని ఆక్రమించేవాడా? మీ దివిసీమ వాళ్ళకి ఇది నేను చెప్పాలా? కాలువ మీద లస్కరు ఏం చేస్తాడు? షట్టరు ఎత్తుతాడు, దించుతాడు, గండి పడితే కేక వేస్తాడు. అసలు ఆ మాట ఎక్కడిదో తెలుసుగా. పారశీకంలో లష్కర్ అంటే సైన్యం. పోర్చుగీసు ఓడలెక్కి కళాసీ అయింది. తిరిగి తిరిగి మన డెల్టాకి వచ్చి కాలువ కాపలాదారుగా స్థిరపడింది. సైన్యమనే మాట మన ఊళ్ళో నీళ్ళు వదిలేవాడికి పేరైంది చూశారా? అంతకన్నా మంచి ప్రమోషన్ ఏ మాటకీ రాలేదు. మారిషస్ చేసిందీ అదే. లష్కరుని లస్కరు చేసింది.

సుబేదారు: మాట బాగుంది. కానీ నాకో మాట చెప్పండి. 1977 నవంబరు 19 రాత్రి ఉప్పెన వచ్చినప్పుడు లస్కర్లు ఏమైపోయారు? నాకు పన్నెండేళ్ళు. మా ఊరి లాకు గదే కొట్టుకుపోయింది. మూడోరోజున హెలికాప్టర్ నుంచి పొట్లాలు పడ్డాయి, తర్వాత మిలిటరీ లారీ వచ్చింది. ఆ లారీ దిగినవాళ్ళని చూసే నేను పటాలంలో చేరాను. పదివేల పైచిలుకు ప్రాణాలు పోయిన చోట గొంతుకి గుడ్డ కట్టుకుని పనిచేసేవాడు కావాలంటే, వాడికి ఆజ్ఞ అనేది ఎముకల్లో ఉండాలి. అది పోలీసు స్టేషన్లో రాదండీ, పటాలంలో వస్తుంది.

మాస్టారు: ఆ లారీకి నేనూ దణ్ణం పెడతాను. కానీ 1977కీ ఇప్పటికీ మధ్య మనమే ఏం చేశామో చూడండి. గన్నవరం పక్కన కొండపావులూరులో ఎన్డీఆర్ఎఫ్ పదో బెటాలియన్ ఉంది. అందులో ఉన్నవాళ్ళు ఎవరు? కేంద్ర పోలీసు దళాల నుంచి వచ్చినవాళ్ళు. అంటే హోం శాఖ మనుషులు, రక్షణ శాఖ కాదు. పడవ, తాడు, కట్టర్ వాళ్ళ ఆయుధాలు. మారిషస్ స్పెషల్ మొబైల్ ఫోర్స్ తుపానులో చేసే పనీ అదే. ఉప్పెనకి సైన్యం కావాలన్నది 1977 నాటి మాట. ఉప్పెన కోసమే ఒక దళం కట్టుకోవచ్చన్నది ఇప్పటి మాట.

సుబేదారు: మరి 2024 సెప్టెంబరులో విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు? మీ ఎన్డీఆర్ఎఫ్ ఉంది కదా, బుడమేరు గండ్లు పూడ్చడానికి ఆర్మీ ఇంజనీర్లని ఎందుకు పిలిచారు? ఇనుప బుట్టల్లో రాళ్ళు నింపి నీళ్ళలో దింపింది ఎవరు?

మాస్టారు: ఆర్మీ వచ్చింది, నిజమే. పని చేసింది, అదీ నిజమే. ఇక్కడ నా దగ్గర జవాబు లేదు.

సుబేదారు: పెద్ద దేశానికి ఆ సుఖం ఉంది. ఎన్డీఆర్ఎఫ్ చాలకపోతే వెనకాల సికింద్రాబాదు ఉంది. మారిషస్ వెనకాల ఏముంది? నీళ్ళు.

మాస్టారు: వెనకాల జనం ఉన్నారు. 2020 జులై 25న వకాషియో అనే జపాన్ వాళ్ళ ఓడ పగడపు దిబ్బ ఎక్కి కూర్చుంది. పన్నెండు రోజులకి పగిలి చమురు కారింది. అప్పుడు మారిషస్ వాళ్ళు ఏం చేశారో తెలుసా? చెరుకు ఆకు కోసుకొచ్చి, గుడ్డ సంచుల్లో కుక్కి, కుట్టి, సముద్రం మీద కట్టలు కట్టి చమురుకి అడ్డం వేశారు. జుట్టు కత్తిరించి ఇచ్చారు. మన ఉయ్యూరు పొలాల్లో ఎండిపోయే చెరుకాకే అక్కడ ఆయుధమైంది.

సుబేదారు: జనం గొప్పవాళ్ళే. కానీ ఆ ఓడ తీరం దగ్గరికి దారి తప్పి వస్తున్నప్పుడు ఆపాల్సింది ఎవరు? మీ లస్కరు. కోస్ట్ గార్డు పిలిచినా ఓడ పలకలేదు. పలకకపోతే వెళ్ళి ఆపే చెయ్యి లేదు. మీ కథ నా వైపే వస్తోంది, చూసుకోండి.

మాస్టారు: చూసుకున్నాను. ఆపే చెయ్యి అంటే పడవ, రాడార్, మనిషి. బ్రిగేడ్ కాదు. సరే, సైన్యానికయ్యే డబ్బు సంగతి వదిలేద్దాం, దాని మీద మీరూ నేనూ కొట్టుకోనక్కర్లేదు. అసలు భయం వేరు. 1998లో మారిషస్ కొత్త నోట్లు అచ్చు వేసింది. అంతకుముందు ఇంగ్లీషు తర్వాత తమిళం, ఆ తర్వాత హిందీ ఉండేవి. కొత్తవాటిలో హిందీ పైకెక్కింది. అంతే, తమిళులు వీధుల్లోకి వచ్చారు. ప్రభుత్వం నోట్లు వెనక్కి తీసుకుని మళ్ళీ అచ్చు వేసింది. తెలుగుకైతే ఆ నోటు మీద చోటే లేదు, అది వేరే ఏడుపు. సుబేదారుగారూ, నోటు మీద ఏ లిపి ముందుండాలనే దానికే తగువులాడుకున్న దేశంలో పటాలం పెడితే, కమాండర్ ఎవరవ్వాలి? హిందువా, క్రియోలా, ముస్లిమా? హిందువైతే బీహారీయా, తమిళుడా, మన తెలుగు కొరింగీయా?

సుబేదారు: ఇక్కడ మాత్రం నన్ను మాట్లాడనివ్వండి, ఇది నా బతుకు. మీరు చెప్పిన రోగానికి మందే పటాలం. నేను చేరినప్పుడు నాకు హిందీ ముక్క రాదు. నా పక్క మంచం మీద తమిళుడు, అవతల కూర్గువాడు. ఒకే కంచంలో తిన్నాం, ఒకే తిట్టు తిన్నాం. 1993లో సోమాలియాకి ఐక్యరాజ్యసమితి తరఫున వెళ్ళినప్పుడు మా బంకర్లో నలుగురం నాలుగు భాషల వాళ్ళం. ఎవడి కులం ఏదో ఎవడికీ గుర్తులేదు, నీళ్ళ టాంకరు ఎప్పుడొస్తుందన్నదే గుర్తు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం వెళ్ళండి, మిలిటరీ మాధవరం అంటారు. అక్కడ ఇంటికో ఫౌజీ. భూమి లేనివాడికి, చదువు అబ్బనివాడికి గౌరవం ఇచ్చిన బడి అది. పింఛను ఒక్కటే కాదు మాస్టారూ, ఊళ్ళో నిలబడే తీరే మారిపోతుంది. ఆ చిన్న దేశంలో క్రియోలు కుర్రాడూ, బీహారీ కుర్రాడూ ఒకే బారక్‌లో రెండేళ్ళు పడుకుంటే ఆ నోట్ల గొడవలు సగం తగ్గుతాయి.

మాస్టారు: మీది పెద్ద పటాలం. అందులో తెలుగువాడు ఒక పిడికెడు, ఎవరికీ పట్టు లేదు కాబట్టి అందరూ సమానమే. పన్నెండు, పదమూడు లక్షల జనాభాలో అలా కుదురుతుందా? వాళ్ళకీ ఒకప్పుడు పటాలం ఉండేది. రెండో ప్రపంచయుద్ధంలో మారిషస్ రెజిమెంట్ మొదటి బెటాలియన్‌ని మడగాస్కర్ పంపారు. 1943 డిసెంబరులో వెళ్ళీ వెళ్ళగానే తిరగబడింది. శిక్షలు పడ్డాయి, దళాన్ని రద్దు చేశారు. పైవాళ్ళు తెల్లవాళ్ళు, కిందివాళ్ళు నల్లవాళ్ళు, ఓర్పు ఎంతసేపు ఉంటుంది? ఆ దేశానికి సైన్యమంటే వచ్చే మొదటి జ్ఞాపకం అది.

సుబేదారు: అది తెల్లవాడి పటాలం. మన సిపాయిలూ తిరగబడ్డారు, 1857లో. అయినా మనం సైన్యం వద్దనుకోలేదే! సిపాయి మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. ఉత్తరాదిన ఒకప్పుడు సిపాయినే తిలంగా అనేవాళ్ళు. అంటే తెలుగువాడనే. 1810లో ఇంగ్లీషువాళ్ళు ఫ్రెంచివాళ్ళ దగ్గర్నుంచి మారిషస్ లాక్కున్నప్పుడు మద్రాసు సిపాయిలూ ఆ ఓడల్లో ఉన్నారు. కూలీగా కన్నా ముందు అక్కడికి వెళ్ళింది తుపాకితో. ఆ దీవి ఎప్పుడూ ఎవరో ఒకరి కోటే. డచ్చి కంపెనీవాళ్ళది, ఆ కంపెనీకే మా బందరులోనూ కొట్లు ఉండేవి. తర్వాత ఫ్రెంచివాళ్ళది. 1746లో మద్రాసుని పట్టుకున్న లబూర్దొనే ఓడలు బయల్దేరింది ఆ దీవి నుంచే. తర్వాత ఇంగ్లీషువాళ్ళది. సముద్రం మధ్యలో ఉన్న రాయిని ఎవడూ ఖాళీగా వదలడు. నువ్వు నిలబడకపోతే ఇంకొకడు నిలబడతాడు.

మాస్టారు: ఇంకొకడు నిలబడ్డాడు. షాగోస్‌లో. అక్కడికే వస్తున్నాను. 1965లో, స్వతంత్రం ఇవ్వకముందే, బ్రిటన్ షాగోస్ దీవులని మారిషస్ నుంచి కోసుకుంది. వాటిలోని డియెగో గార్సియాని అమెరికాకి స్థావరంగా ఇచ్చింది. 1968 నుంచి 1973 దాకా ఆ దీవుల్లో ఉన్నవాళ్ళనందరినీ ఓడలెక్కించి పంపేసింది. ఇది అన్యాయం కాదనేవాడు మనిషి కాదు. మారిషస్ ఏం చేసింది? తుపాకి ఎత్తలేదు. ఎత్తితే నవ్వేవాళ్ళు. కోర్టుకెక్కింది. 2019 ఫిబ్రవరిలో అంతర్జాతీయ న్యాయస్థానం, ఆ కోత చెల్లదంది. మేలో సర్వసభ్య సభలో 116 దేశాలు మారిషస్ వైపు నిలిస్తే అవతల ఆరు మిగిలాయి. 2025 మే 22న షాగోస్ సార్వభౌమాధికారం మారిషస్‌దేనని బ్రిటన్ సంతకం పెట్టింది. ఒక్క తూటా పేలకుండా సామ్రాజ్యం దగ్గర్నుంచి నేల వెనక్కి రాయించుకున్న దేశం అది. ఏ పటాలం చేయగలదండీ ఈ పని?

సుబేదారు: ఆ కాగితంలో కింది పేరా కూడా చదవండి. డియెగో గార్సియా మాత్రం 99 ఏళ్ళు కౌలుకి. పట్టాదారు పాసుబుక్ చేతికొస్తుంది, పొలం కౌలుదారు చేతిలోనే ఉంటుంది. మన డెల్టాలో ఎవర్నడిగినా చెబుతారు, అలాంటి కౌలుదారుణ్ణి ఎవడు లేపగలడో. 2022 ఫిబ్రవరిలో షాగోస్‌లో మారిషస్ జెండా పాతారు, సంతోషం. వెళ్ళింది ఏ ఓడలో? అద్దె ఓడలో. సొంత నేల మీద సొంత జెండా పాతడానికి ఓడ అద్దెకి తెచ్చుకున్నారు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయండీ అది చదివి.

(మధ్యలో నా మాట ఒకటి. ఈ ఇద్దరిలో ఎవరూ మారిషస్ చూసినవాళ్ళు కారు, నేనూ చూడలేదు. లెక్కలు వేసినప్పుడల్లా నాకు మాస్టారే నచ్చుతారు. ఆ అద్దె ఓడ మాట దగ్గర మాత్రం లెక్క తప్పుతుంది.)

మాస్టారు: కళ్ళనీళ్ళు తిరగాల్సిందే. కానీ మారిషస్‌కి పది పటాలాలున్నా డియెగో గార్సియా మీదికి వెళ్తుందా? అమెరికా మీదికి? సైన్యం ఉన్నా లేకున్నా తేడా రాని చోట సైన్యం లేకపోవడాన్ని తప్పుపట్టకండి.

సుబేదారు: అమెరికా మీదికి కాదు. స్నేహితుడి మీదికి. నేను అడగాల్సింది ఇదీ. మారిషస్‌వే అయిన అగలేగా దీవుల్లో ఉన్నది మూడొందల మంది. అక్కడ మనం మూడు కిలోమీటర్ల రన్‌వే కట్టాం, జెట్టీ కట్టాం. 2024 ఫిబ్రవరి 29న ప్రారంభించాం. మన స్థావరం కాదని మనమూ అంటున్నాం, వాళ్ళూ అంటున్నారు. సరే. 1983లో మారిషస్ రాజకీయం తలకిందులవుతుంటే మన సైన్యాన్ని దింపాలన్న ఆలోచన ఢిల్లీలో నడిచిందని తర్వాత పరిశోధకులు రాశారు. దింపలేదు, మంచిది. దింపితే ఆపేవాళ్ళెవరు? ఫౌజీగా చెబుతున్నా, ఆజ్ఞ వస్తే నేనూ వెళ్ళేవాణ్ణే. తలుపు లేని ఇంటికి మనం మంచివాళ్ళం కాబట్టి దొంగతనం జరగలేదు. రేపు మనమూ మంచివాళ్ళం కాకపోతే?

మాస్టారు: మీ నోట ఈ మాట వస్తుందనుకోలేదు.

సుబేదారు: నాకు మాత్రం సరదానా? మన ఓడ వాళ్ళ రేవులో చూస్తే ఛాతీ పొంగుతుంది. అయినా చెప్పాలి కదా.

మాస్టారు: అయితే నేనూ ఒకటి ఒప్పుకోవాలి. సైన్యం లేకపోతే బందూకు బెడద పోతుందని నేనన్నాను. పూర్తిగా పోదు. 1971లో అక్కడ ఎమర్జెన్సీ పెట్టారు, ఎన్నికలు 1976 దాకా జరగనివ్వలేదు. దానికి సైన్యం అక్కర్లేకపోయింది. 1999 ఫిబ్రవరిలో కాయా అనే గాయకుడు పోలీసు కొట్లో చనిపోతే క్రియోలు పేటలు తగలబడ్డాయి. సైన్యం, పోలీసు రెండూ ఒకడి చేతిలోనే ఉంటే, ఒకటి తప్పు చేసినప్పుడు రెండోదాన్ని పిలవడానికి లేదు. అది నా వాదంలో ఉన్న గండి. నాకు తెలుసు.

సుబేదారు: గండి ఒప్పుకున్నారు కాబట్టి నేనూ ఒకటి ఒప్పుకుంటా. సీషెల్స్‌లో 1981 నవంబరులో కిరాయి సైనికులు బీరు క్లబ్బు టూరిస్టులమని దిగారు. వాళ్ళ సంచిలో తుపాకి పట్టుకున్నది సైనికుడు కాదు, కస్టమ్స్ ఉద్యోగి. ఆ తర్వాత వాళ్ళు మన ఎయిర్ ఇండియా విమానాన్నే మళ్ళించుకుని డర్బన్ పారిపోయారు. మరుసటి ఏడాది ఆ దేశపు సైన్యమే తిరగబడింది. చెప్పకూడదనుకున్నాను గానీ, మీరు నిజాయితీగా మాట్లాడారు.

మాస్టారు: చూశారా, కస్టమ్స్ గుమస్తా! నా లస్కరే.

సుబేదారు: మీ లస్కరు సంగతి నన్ను చెప్పనివ్వండి, నేను శివారు ఆయకట్టు వాణ్ణి. మా కాలువ మీద లస్కరు రిటైరై చాలా కాలమైంది, ఆ చోట ఇంకొకర్ని వెయ్యలేదు. షట్టరు తాళం ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీదు.

మాస్టారు: మరి నీళ్ళు ఎలా వదులుతున్నారు?

సుబేదారు: పై ఊళ్ళో ఎవడికి బలం ఉంటే వాడు రాత్రిపూట ఎత్తుకుంటున్నాడు.

మాస్టారు: అందుకేగా నేను లస్కరు ఉండాలంటున్నది.

సుబేదారు: ఉన్నప్పుడూ రాత్రిపూట పదిమంది గడ్డపారలతో వస్తే ఆయన లాకు గదిలో తలుపేసుకుని కూర్చునేవాడండీ.